ముందు చిగుళ్ళు మానాలట

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ శేషగిరి గారు షాపుకొచ్చేసరికి నా మొహానికి మాస్కు లేదు. ఇడ్లీ పిండి డబ్బాలు కడుగుతూ తీసి మేకుకి తగిలించి మర్చిపోయా. ఆయన ఎప్పట్లాగే గోంగూర పచ్చడి, కందిపొడి అడిగి, స్టూలు లాక్కుని కూర్చుని, వాళ్ళ మినిస్ట్రీ కబుర్లు మొదలుపెట్టారు. ఢిల్లీలో పొగ ఎక్కువైందని గదికో ఎయిర్ ప్యూరిఫయర్ కావాలని ఫైలు పెట్టారట. ఆ ఫైలు అన్ని సంతకాలూ అయ్యేసరికి ఎండాకాలం వస్తుందట, అప్పుడు దాన్నే కొట్టేసి కూలర్లని రాస్తారట. ఆయన మొహం మామూలుగా పెట్టి చెప్పేసరికి నాకు ఆగలేదు, నోరంతా తెరిచి నవ్వేశా. చెయ్యి అడ్డం పెట్టుకోబోతే చేతినిండా సబ్బు నురగ. మూతికంతా అంటింది. ఆయన అటు తిరిగి పొడుల సీసాలు చూస్తా రుమాలు తీసి కౌంటరు మీద పెట్టారు.

చూశారో లేదో.

పోయేముందు చెప్పారు, ప్రమోషన్ వచ్చిందట, భోపాల్ వేశారట. డిసెంబర్ మధ్యలో రిలీవ్ చేస్తారట. సంతోషమండీ అన్నా. సంతోషమే గదా. ప్రమోషన్ అంటే.

ఈ నెల పళ్ళు తెల్లగా చేయించుకోవాలి. ఎప్పట్నుంచో అనుకుంటున్నదే. షాపులో కూర్చునే మనిషికి మొహం బాగుంటే గిరాకీ కూడా బాగుంటది.

నవంబర్ 10

రుమాలు ఉతికి ఆరేశా. ఈ పొగలో ఆరదు.

నవంబర్ 12, బుధవారం

పళ్ళ డాక్టరు దగ్గరికి పోయొచ్చా. మెట్రో స్టేషన్ పక్కన కొత్తగా పెట్టింది, తేజశ్రీ అని బోర్డు చూసి తెలుగమ్మాయే అని లోపలికి పోయా. తెలుగే గానీ ఢిల్లీలో, ద్వారకలో పుట్టి పెరిగింది. నేను తెలుగులో అడిగితే హిందీలో చెప్పిద్ది. అన్నీ అర్థమవుతాయంట, నోరు మాత్రం తిరగదంట. ఆంటీ ఆంటీ అని మర్యాదగానే ఉంది.

కుర్చీలో పడుకోబెట్టి లైటు వేసి చూసి, ఆంటీ మీది ఏ ఊరు అంది. కనిగిరి దగ్గర అన్నా. తలూపింది. అంటే చదువులో చెప్తారన్నమాట మా ఊరి పళ్ళ గురించి. మా వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినోళ్ళందరికీ ఇంతే, ముందు పళ్ళ మీద టీ ఒలికినట్టు గోధుమ మచ్చలు, మధ్యమధ్యలో సున్నం చుక్కలు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది లోపమని నాకు తెలీనే తెలీదు. మా ఆయనదీ మా ఊరే. ఆయనవీ అవే పళ్ళు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంట్లో నోరు మూసుకుని నవ్వాల్సిన పని లేకపోయింది. ఘాజియాబాద్ వచ్చాకే ఇవన్నీ. ఒకావిడ నన్ను పట్టుకుని పాన్ మానెయ్యి దీదీ అని సలహా ఇచ్చింది. జన్మలో పాన్ వేసుకుంటే ఒట్టు. కరోనా వచ్చినప్పుడు అందరూ మాస్కులని ఏడిస్తే నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉండేది.

సరే, డాక్టరు చెప్పింది రాసుకుంటున్నా, మర్చిపోతా. ముందు చిగుళ్ళంట. గార పేరుకుపోయి వాచి ఉన్నయ్యి, ముట్టుకుంటే నెత్తురొస్తోంది, అది క్లీన్ చేసి మానేదాకా తెల్లబరిచే మందు ముట్టుకోకూడదు. తర్వాత వెనక రెండు పళ్ళు పుచ్చినయ్యి, అవి పూడ్చాలి, లేకపోతే మందు లోపలికి దిగి ప్రాణం పోయినంత నొప్పంట. ముందు వరసలో నాకొక క్యాప్ పన్ను ఉంది గదా, అది ఏం చేసినా తెల్లబడదంట, పక్కవి తెల్లబడితే ఇది వేరే ఇంటి పన్నులాగా కనిపిస్తదంట. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళ మచ్చ పైన అంటింది కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడింది. ఒట్టి బ్లీచ్ పెడితే మచ్చ పోకపోగా సున్నం చుక్కలు ఇంకా తేలతాయంట. దానికి పై పొర కాస్త అరగదీసి, మెల్లగా బ్లీచ్ పెట్టి, అప్పటికీ పోనిదానికి పంటి రంగు పూత వెయ్యాలి. రెండు మూడు నెలల పనంట.

గర్భం గానీ ఉందా ఆంటీ అని కూడా అడిగింది. అందర్నీ అడగాలంట. నలభై ఆరేళ్ళు, మొగుడు పోయిన దాన్ని. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆ కుర్చీలో పడుకునే నవ్వా.

డిసెంబర్ మొదటివారానికి కాదా అమ్మా అని అడిగా. ఒక్క మాట చెప్పింది.

"ఆంటీ, దీవార్ మే సీలన్ హో తో పెయింట్ నహీ కర్‌తే."

గోడకి చెమ్మ ఉండగా రంగు వెయ్యకూడదంట. నిజమే. మా షాపు గోడే సాక్ష్యం, రెండుసార్లు వేయించా, రెండుసార్లూ పొక్కింది.

చిగుళ్ళు క్లీన్ చేయించుకోడానికి శుక్రవారం రమ్మంది. సరే అన్నా.

నవంబర్ 14

పోలేదు. కందిపప్పు వేయించే పని ఉంది.

నవంబర్ 16, ఆదివారం

మాస్కు వేసుకునే ఉన్నా ఇవాళ. పొగ గదా, ఎవరూ ఏమనుకోరు. శేషగిరి గారు నిమ్మకాయ పచ్చడి పట్టుకుపోయారు. రుమాలు మడతపెట్టి ఇస్తే, ఉంచండి, నా దగ్గర చాలా ఉన్నయ్యన్నారు. ఇచ్చేశా. పరాయి మనిషి రుమాలు నాకెందుకు.

ఆయన పోయాక పక్క పార్లర్ రేణు దీదీ వచ్చి కూర్చుంది. ఒంటరి మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు, వారంవారం ఇంతింత పచ్చడి ఎవరు తింటున్నారు అని దాని ఎంక్వయిరీ. ఆఫీసులో పంచుతాడేమో అన్నా. అది కళ్ళు ఇంత చేసి చూసి, సుభాషిణీ, నువ్వు వ్యాపారంలోనే తెలివైనదానివి అంది.

మాటల్లో పళ్ళ సంగతి చెప్పా. డాక్టర్లు అట్టాగే తిప్పుకుంటారు, నా దగ్గర మెషీన్ ఉంది, జెల్ రాసి నీలం లైటు పెడితే గంటలో అయిపోద్దంది. పెళ్ళికూతుళ్ళందరూ తన దగ్గరే చేయించుకుంటారంట.

పెళ్ళికూతుళ్ళు.

నవంబర్ 18, మంగళవారం

చేయించుకున్నా. రేణు కుర్చీలో. ఓపిక పట్టు పట్టు అని ఇంకోసారి జెల్ రాసింది. మంట. కళ్ళల్లో నీళ్ళు.

అద్దంలో చూస్తే తెల్లగానే అనిపించింది. ఆ నీలం లైటుకేమో.

నవంబర్ 19

తెల్లబడ్డయ్యి. ఏవి? సున్నం చుక్కలు. అవి ఇంకా తెల్లగా తేలి, మచ్చలు ఇంకా ముదురుగా కనిపిస్తన్నయ్యి. మధ్యలో క్యాప్ పన్ను ఒక్కటే పసుపురంగులో నిలబడి ఉంది, పెళ్ళి బారాత్‌లో తప్పిపోయినోడిలాగా. చిగుళ్ళు అంచంతా తెల్లగా ఉడికినట్టున్నయ్యి. గాలి పీలిస్తే పంట్లో కరెంటు కొడుతోంది. ఢిల్లీ చలి, గాలి పీల్చకుండా ఎట్టా బతకాలి.

చెప్పింది చెప్పినట్టే జరిగింది ఆ డాక్టరు పిల్ల మాట. శుక్రవారం రమ్మంది గూడా. పోలా.

నవంబర్ 20

పెరుగన్నం. దాన్నీ వేడి చేసుకుని.

నవంబర్ 21, శుక్రవారం

సాహిబాబాద్ మండీ నుంచి ఉసిరికాయలు దిగినయ్యి. ఆర్డర్లు ఉన్నయ్యి గదా, ఆపడానికి లేదు. తుడిచి, ఆరబెట్టి, నూనెలో మగ్గించి, కారం మెంతిపిండి ఆవపిండి అన్నీ కొలత ప్రకారం కలిపి జాడీకెత్తా. ఉప్పు మాత్రం కొంచెం తగ్గించి వేస్తా నేనెప్పుడూ. కాయ కాయకీ పులుపు తేడా. మూడోనాడు తిరగ కలిపినప్పుడు నాలుక మీద వేసుకుని చూస్తే ఎంత పట్టిద్దో అప్పుడు తెలుస్తది. మా అమ్మా అంతే, మా నాయనమ్మా అంతే.

మూడోనాడంటే ఆదివారం. ఆ మంట నోట్లో కారం పులుపు ఎట్టా పెట్టుకోవాలి? అది ఇప్పుడు తట్టింది నాకు.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున జాడీ మూత తీసి కలిపా. చిటికెడు నాలుక కొసన పెట్టుకుంటే కళ్ళముందు చుక్కలు. ఉప్పు కాదు గదా, ఏ రుచీ తెలియలా. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి కూర్చున్నా.

రేణుని పిలుద్దామా అంటే దానికి అచార్ అంటే ఆవనూనె వాసన రావాలి, మన పచ్చడి ఏం తెలుస్తది. అప్పుడే శేషగిరి గారొచ్చారు. మాస్కులోంచే చెప్పా, పంటి నొప్పండీ, రుచి తెలియడం లేదు, మీరు కొంచెం ఉప్పు చూసి పెడతారా అని. తెనాలి మనిషి, పచ్చళ్ళు తెలియకుండా ఉంటాయా అనుకున్నా.

ఆయన జాడీలోకి వంగి చూశారు. చేతులు కడుక్కొస్తా అని పంపు దగ్గరికి పోయి కడుక్కుని, రుమాలుతో తుడుచుకుని, అరచెయ్యి చాపారు. గరిటెతో ఒక ముక్క వేశా. కళ్ళు మూసుకుని తిన్నారు. మెల్లగా. అంత మెల్లగా పచ్చడి తిన్న మనిషిని నేను చూడలా. గింజ కూడా చప్పరించారు.

"సరిగ్గా ఉంది. ఇంక చిటికెడు కూడా వద్దు. చాలు."

నాకు తెలుసు చాలదని. రుచితో పని లేదు, ఊట చూస్తేనే తెలుస్తది, ఇంకా రెండు గుప్పిళ్ళు పడాలి. ఉప్పు డబ్బా చేతిలోనే ఉంది. ఆయన అరచేతిలో ఎర్రటి నూనె, కళ్ళల్లో కొంచెం నీళ్ళు, మొహమంతా వెలుగు. ఎప్పుడో తప్పిపోయింది ఏదో దొరికినట్టు.

చాలు అన్నా నేను కూడా. డబ్బాకి మూత పెట్టేశా.

నవంబర్ 25

డాక్టరమ్మ దగ్గరికి పోయా. తిడుతుందనుకున్నా. తిట్టలా, అదే కష్టంగా ఉంది. చిగుళ్ళు కాలినయ్యి, మానతాయి, టైం పడుతుంది, పళ్ళు జివ్వుమనకుండా ఒక పేస్టు రాసిచ్చింది. అట్టా మెషీన్ల దగ్గర చేయించుకునేవాళ్ళు వారానికి ఒకరన్నా వస్తారంట. ఎవరి పెళ్ళి ఆంటీ, ఇంత తొందరేంటి అంది. షాపు కోసమమ్మా అన్నా.

డిసెంబర్ 3, బుధవారం

జాడీ మూత తీస్తే పైన తెల్లగా, దూది పరిచినట్టు. బూజు. గరిటె పెట్టి అడుగుదాకా చూశా, లోపలా పట్టింది. సీసాలకెత్తి ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచీ ఒక్కొక్కటే ఫోను వస్తోంది. వాట్సాప్ గ్రూపులో ఇందిరాపురం ఆవిడ ఫోటో కూడా పెట్టింది. క్షమించండి, కాయలో తేమ ఉంది, అందరికీ వేరేది ఇస్తా అని రాశా. కాయలో తేమ. ఆరబెట్టింది నేనే, గుడ్డ మీద పరిచి ఒక్కొక్క కాయా తుడిచింది నేనే.

ఈ వ్యాపారం పెట్టాక నా పచ్చడికి బూజు పట్టడం ఇదే మొదటిసారి. మా ఆయన పోయిన ఏడాది నేను ఏడుస్తా కలిపిన ఆవకాయ కూడా పాడవలా.

రేణు వచ్చి జాడీలోకి తొంగి చూసి, ఉప్పు సంగతి అడిగింది. చెప్పా. ఆయన చాలన్నాడని తెలిసి తెలిసి ఊరుకున్నావా అంది. పని చూసుకోమన్నా దాన్ని. అసలు దాని నీలం లైటు లేకపోతే ఇదంతా ఉందా.

డిసెంబర్ 7, ఆదివారం

రాగానే అడిగారు, ఉసిరి ఎట్టా కుదిరిందని. అందరికీ నచ్చిందండీ, మొత్తం అమ్ముడుపోయిందన్నా. ఆయన స్టూలు మీద వెనక్కి వాలి, చిన్న పిల్లాడిలాగా సంబరపడ్డారు. వచ్చే జన్మలో నేను ఉప్పు చూసే ఉద్యోగం చేస్తా, ఇందులో బదిలీలు ఉండవు అన్నారు.

బదిలీలు ఉండవు. ఉండవు గదా.

నాకూ ఒక సీసా ఉంచండి భోపాల్‌కి అన్నారు. ఎక్కడుంది ఉంచడానికి? రేపు మండీకి పోవాలి.

డిసెంబర్ 11

కొత్తగా కొంచెం కలిపా, ఆయన సీసాకి, ఇందిరాపురం ఆవిడకి, ఇంకో నలుగురికి. ఇవాళ మూడోనాడు. మంట తగ్గింది, నేనే రుచి చూశా. పడాల్సినంత వేశా. బాగా వచ్చింది. సంతోషం లేదు.

డిసెంబర్ 14, ఆదివారం

ఆఖరి ఆదివారం. సామాను ముందే పంపేశారట, రేపు బండి. స్టూలు మీద కూర్చోలా, నిలబడే ఉన్నారు. సీసా కట్టి ఇచ్చా, మూతకి ప్లాస్టిక్ చుట్టి, రబ్బరు బిగించి, పైన ఇంకో కవరు. డబ్బులు వద్దంటే ఒప్పుకోలా, తర్వాత ఒప్పుకున్నారు.

ఇద్దరం కాసేపు రోడ్డు చూశాం. పొగలో ఈ-రిక్షాలు లైట్లు వేసుకుని పోతన్నయ్యి పట్టపగలు.

మీరేమన్నా చెప్పాలా సుభాషిణి గారూ అని అడిగారు.

అక్కడ చలి జాగ్రత్త అన్నా. అక్కడ ఇక్కడంత చలి ఉండదండీ అన్నారు. అవునా అన్నా. అవునండీ అన్నారు. పోయారు.

మాస్కు ఉండబట్టి గానీ లేకపోతే చెప్పేదాన్నేమో. ఏం చెప్పేదాన్నో తెలియదు. పంటి నొప్పి కూడా పూర్తిగా తగ్గలా గదా, ఎక్కువ మాట్లాడకూడదు.

డిసెంబర్ 15

బండి పోయి ఉంటది.

డిసెంబర్ 21, ఆదివారం

గిరాకీ లేదు.

ఉంది. ఆరుగురొచ్చారు. పిండి అంతా అయిపోయింది. అయినా లేదనిపిస్తోంది.

స్టూలు లోపల పెట్టించా. దారికి అడ్డం.

డిసెంబర్ 24, బుధవారం

చిగుళ్ళు క్లీన్ చేయించుకున్నా, ఈసారి చెప్పిన రోజునే పోయి. గార ఇంత ఊడింది, నాలుకతో తడిమితే పళ్ళ మధ్య సందులు తగులుతున్నయ్యి, వేరే మనిషి నోరులాగా ఉంది. పుచ్చు పళ్ళు రెండూ జనవరిలో పూడుస్తదంట. చిగుళ్ళు గట్టిపడి, పంటి జివ్వు పూర్తిగా పోవాలి. మచ్చల పని మార్చిలో మొదలుపెడదాం ఆంటీ అంది, అప్పుడు తొందరపడకుండా చేస్తే చక్కగా వస్తాయంట. చివర్లో క్యాప్ కూడా ఆ రంగుకే మారుస్తదంట.

మార్చి అయితే మార్చి. ఇప్పుడెవరున్నారని. అన్నానే గానీ, చేయించుకుంటా. ఒక్కసారన్నా అద్దంలో చూసుకోవాలని ఉంది నాకు.

జనవరి 1

శేషగిరి గారి మెసేజ్. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. అందరికీ పంపే పూల బొమ్మ. నేనూ ఒక పూల బొమ్మ పంపా. తర్వాత చాలాసేపు ఫోను చేతిలోనే ఉంది, ఏదో టైప్ అవుతున్నట్టు కనిపించింది ఆయన వైపు. ఆగిపోయింది.

జనవరి 4, ఆదివారం

ఎప్పుడూ వచ్చే వేళకే ఫోను మోగింది. ఆయనే.

భోపాల్ బాగుందంట, చెరువు ఉందంట, గాలి పీలిస్తే గాలిలాగే ఉందంట. పచ్చడి సంగతి ఎత్తారు. సీసా ఇవాళే విప్పారట. ఇక్కడివాళ్ళకి పంచుదామని తీసి, మీ చేతిది గదా అని ఒక ముక్క నోట్లో వేసుకున్నారట.

"ఇది ఆ రోజు నేను చూసింది కాదండీ. అందులో ఇంత ఉప్పు లేదు."

అబద్ధమాడదామనుకున్నా. ఊరేకొద్దీ ఉప్పు తేలుతుందండీ అంటే నమ్మేవారే. నోరు రాలా. చెప్పేశా. ఆ జాడీ మొత్తానికి బూజు పట్టింది, పారబోశా, ఇది మళ్ళీ కలిపిందని.

బూజు పడుతుందని మీకు ఆ రోజు తెలియలేదా అని అడిగారు. తెలిసిందన్నా. మరి ఎందుకు వెయ్యలేదన్నారు.

"మీరు చాలన్నారు గదండీ."

అంతే చెప్పా. షాపులో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి పిండి అడుగుతున్నారు, చేత్తో ఆగమన్నా.

అప్పుడు ఆయన చెప్పారు. బీపీ వచ్చిన దగ్గర్నుంచీ ఉప్పు తగ్గించమన్నారట డాక్టర్లు. కూరలో కూడా చప్పగానే తింటారట. పచ్చడి నోట పెట్టి ఏళ్ళయిందట. ఆ రోజు మీరు అడిగారు గాబట్టి తిన్నానండీ, నా నాలుకకి అదే సముద్రమంత ఉప్పు అన్నారు. మరి ఆదివారం ఆదివారం కొన్నవన్నీ ఏం చేశారండీ అంటే, సెక్షన్‌లో అందరికీ ఇచ్చానన్నారు. మా ప్యూన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా మీ పచ్చళ్ళ మీదే బతికారన్నారు. పచ్చడి తినని మనిషి వారంవారం ఘాజియాబాద్ మెట్రో ఎక్కి ఎందుకొచ్చేవారో నేను అడగలా, ఆయన చెప్పలా. పిండి కోసం నిలబడ్డావిడ దీదీ అని గొణిగింది. ఒక్క నిమిషం అన్నా, ఎవరితో అన్నానో.

నేను పళ్ళ సంగతి కూడా చెప్పా. ఎందుకో మరి. మా ఊరి నీళ్ళు, డాక్టరు వద్దంటే పార్లర్‌లో కాల్చుకోవడం, అందుకే నాలుక పోవడం. మచ్చలు ఇంకా ఎక్కువైనయ్యని కూడా చెప్పా. ఆయన విన్నారు. ఇప్పుడు నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గిందన్నా.

మళ్ళీ ఆయనే,

"ఉసిరికాయలు మీ మండీలో ఎప్పటిదాకా వస్తాయండీ?"

"ఈ నెలాఖరుకి అయిపోతాయండీ. తర్వాత వచ్చేవి మంచివి కావు."

అయితే ఈ నెల్లోనే సెలవు పెడతా అన్నారు. ఉప్పు మీరే చూసుకోండి, నేను కూర్చుని కాయలు తుడుస్తా అన్నారు. సరేనండీ అని పెట్టేశా. పిండి ఇచ్చి ఇద్దర్నీ పంపా. ఒకావిడకి చిల్లర ఎక్కువ ఇచ్చినట్టున్నా.

సాహిబాబాద్‌లో ఉసిరి మార్చి దాకా గుట్టలు పోసి అమ్ముతారు. నాకు తెలుసు. మార్చి అని ఉంటే ఈ లోపల చిగుళ్ళు గట్టిపడేవి, డాక్టరమ్మ మచ్చల పని మొదలుపెట్టేది, పళ్ళు కొంచెమన్నా తెల్లబడి ఉండేవి. అదీ తెలిసే అన్నా.

మార్చి దాకా ఎవరాగుతారు.